ఉన్నదంతా చెప్పిన గురప్ప డప్పు

అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. వెనక వరసలోంచి కూడా వినబడాలి నాకు. అనగనగా రెల్లుగూడెం. ఆ ఊళ్ళో పార్టీలు రెండు, చేట పార్టీ, కవ్వం పార్టీ. దండోరా వేసేవాడు మాత్రం ఒక్కడే, గురప్ప.

గురప్పది చేట పార్టీ. తండ్రి మోసిన జెండానే తనూ మోశాడు. డప్పు మాత్రం పార్టీది కాదు, పోలేరమ్మ తల్లిది అనేవాడు. అందుకే అతనికో నియమం. పంపినవారి పేరు చెప్పాలి, వారన్నదంతా చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు.

ఓట్లకు ముందురోజు పొద్దున్నే చేట పార్టీ పెద్ద సోమయ్య కబురంపాడు.

"గురప్పా, కవ్వం పార్టీ కూర్మయ్య పోటీ మానుకున్నాడని దండోరా వెయ్యి."

"మానుకున్నాడా అయ్యా?"

"ఎక్కడ మానుకుంటాడు, మొండిఘటం. నువ్వు చెబితే ఊరు నమ్ముతుంది. చెప్పలేదో, రేపట్నించి దండోరా ఇంకొకడు వేస్తాడు."

గురప్ప ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాడు. చెప్పకపోతే డప్పు పోతుంది. చెబితే తల్లికి మొహమెలా చూపించడం? గడ్డిమంట మీద డప్పు కాచాడు. "నువ్వే చూసుకో తల్లీ" అని కళ్ళకద్దుకుని బయల్దేరాడు.

మొదటి వీధి. డండం డండం.

"వినండహో! కూర్మయ్యగారు పోటీ మానుకున్నారని చెప్పమని సోమయ్యగారు చెప్పారహో! మానుకోలేదని కూడా ఆయనే చెప్పారహో!"

వీధి వీధంతా పకపకా నవ్వింది. ఆ నవ్వు విని సోమయ్య పంచె ఎగగట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఆపవయ్యా బాబూ" అన్నాడు.

రెండో వీధి. డండం డండం.

"వినండహో! ఆపవయ్యా బాబూ అని సోమయ్యగారు చెప్పారహో!"

"నీ డప్పు లాక్కుంటాను" అన్నాడు సోమయ్య.

మూడో వీధి. డండం డండం.

"వినండహో! నా డప్పు లాక్కుంటానని..." గురప్ప డప్పుని గుండెలకు హత్తుకున్నాడు.

అక్కడ అరుగు మీద సోమయ్య తల్లి బుచ్చమ్మ బియ్యం చెరుగుతోంది. కొడుకుని ఎగాదిగా చూసింది. "ఒరే సోమా, చేట గుర్తు పెట్టుకున్నావు గదా. తాలు మిగుల్చుకుని గింజలు పారబోస్తావేరా?"

సోమయ్య తల గోక్కున్నాడు. చివరికి తనకే నవ్వొచ్చింది. "సరే గురప్పా, డప్పు నీదే. తప్పు నాదని కూడా వెయ్యి."

"ఇదైతే నాలుగో వీధిలో కూడా వేస్తానయ్యా."

ఆ ఏడు చేట పార్టీ ఓడింది. గురప్ప కూడా కళ్ళు తుడుచుకున్నాడు, తన పార్టీయే కదా మరి. మళ్ళీ ఓట్లొచ్చినప్పుడు ఆ చేట పార్టీయే గెలిచింది. తప్పు ఒప్పుకున్న నోరు, నమ్మొచ్చు అనుకున్నారు జనం.

గురప్ప పోయాక ఆ డప్పుని పోలేరమ్మ గుడి చూరుకు కట్టారు. ఇప్పటికీ ఏ పార్టీవారు ఓటడగడానికొచ్చినా ముందు దాన్ని మూడుసార్లు మోగించాలి. ఆ తర్వాత మాట ఎక్కడైనా తడబడిందో, ఊరు ఊరంతా ఒక్కటే అంటుంది.

"ఉన్నదంతా చెప్పు నాయనా, గురప్ప వింటున్నాడు."