ఖాళీ చేతులతో వచ్చిన రోగం

ఒకప్పుడు, అంటే గోదావరి ఇంకా చిటికెన వేలంత వాగుగా పాకుతున్న రోజుల్లో, రోగాలకు దాపరికం అంటే ఏమిటో తెలియదు. వస్తే కత్తులు ఝళిపించుకుంటూ, విషం కుండలు నెత్తిన పెట్టుకుని, కొమ్ములు ఊదుకుంటూ వచ్చేవి.

ఆ రోజుల్లో బంగారి అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఒంట్లో మల్లన్న కాపలా ఉండేవాడు. తెల్లకణాల దండుకి నాయకుడు. అతని పరాక్రమం ఏమని చెప్పేది! ఒకసారి బంగారి బొటనవేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కంతలోంచి డెబ్బై లక్షల రోగాలు దూసుకొచ్చాయి. మల్లన్న కుడిచేత్తో మీసం దువ్వుకుంటూ, ఎడమచేత్తో అందరినీ నరికేసి, ఆవలించి, మళ్ళీ పడుకున్నాడు.

అదే ఒంట్లో, కుడివైపు పక్కటెముకల చాటున, కాలేయమ్మ ఉండేది. ఆవిడేమన్నా తక్కువా? ఏడు కుండల విషం ఒక్క గుక్కలో మింగి, "కాస్త ఉప్పు తక్కువైంది" అని మూతి తుడుచుకునేది. ఒంట్లో ఇనుమంతా ఆవిడ కొట్లోనే ఉండేది. ఆవిడ కొలిచి పంచితేనే బంగారి నెత్తురు ఎర్రబడేది, బుగ్గలు కళకళలాడేవి.

బంగారి తల్లి అంకాలు మడుగులో తుంగ కోసి చాపలు అల్లేది. ఆమె గొంతు రోజూ పక్కటెముకల్లోంచి కాలేయమ్మకు వినిపించేది. "ఒసే బంగారీ! ఎండలో తిరక్కే, మాడి మసైపోతావే!" అని ఆమె అరిస్తే కాలేయమ్మ లోపల నవ్వుకునేది. 'పిల్లని బయటినుంచి నువ్వు సాకు, లోపలినుంచి నేను సాకుతాను' అనుకునేది. ఆ ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క పిల్లే.

ఒక మిట్టమధ్యాహ్నం బంగారికి దాహం వేసింది. ఇంటిదాకా ఎవరు నడుస్తారు? మడుగులో దోసిలి ముంచి తాగేసింది. ఆ దోసిట్లో ఇసుమంతుడనే రోగం ఒకడు ఉన్నాడు. ఆవగింజను లక్ష ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఎంతో, అంత.

"ఎవర్రా అది? చేతులు చాపు!" అని మల్లన్న అడ్డం పడ్డాడు. ఆ గర్జనకు పేగులు మూడు మెలికలు తిరిగాయి.

"చూసుకోండి బాబూ. ఖాళీయే."

"మొలలో ఏం దోపావు?"

"దోపడానికి మొలెక్కడుంది బాబూ? గింజలాంటి ఒళ్ళు నాది."

మల్లన్న పగలబడి నవ్వాడు. ఆ ఒంట్లో కట్టుబాటు ఒకటే. చేతిలో ఆయుధం ఉంటే నరుకు, చేతులు ఖాళీగా ఉంటే కూర్చోబెట్టి కూడు పెట్టు. తిన్న గంజిని అరిగించే చిట్టిచిట్టి పనివాళ్ళు కోట్లమంది అలాగే ఖాళీ చేతులతో వచ్చి పేగుల్లో కాపురాలు పెట్టుకున్నారు మరి.

కాలేయమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"తమ్ముడూ, వీడి వాలకం నాకు నచ్చలేదురా. మర్యాద మరీ ఎక్కువైంది."

"వాడి చేతిలో గడ్డిపరక కూడా లేదక్కా! అలాంటివాణ్ణి నరికానని తెలిస్తే నా మీసానికి పరువుంటుందా?"

"నీ మీసాన్ని నువ్వు చూసుకో. నా పిల్లని నేను చూసుకుంటాను."

కాలేయమ్మ ఆ పూటే ఒళ్ళంతా ఊడ్చింది. మూలల్లో పడి ఉన్న ఇనుప రజను కూడా రవ్వ మిగలకుండా ఎత్తి కొట్లో పోసింది. తలుపు మూసి, తాటికాయంత తాళం వేసింది. ఇనుము దొరక్కపోతే ఎంతటివాడైనా పెరగలేడని ఆవిడ నమ్మకం. తాళం వేసి నిశ్చింతగా కూర్చుంది.

మొదటి రోజు ఏమీ కాలేదు. నాలుగో రోజూ ఏమీ కాలేదు. బంగారి గట్లమీద గంతులేస్తూనే ఉంది. "దీని కాళ్ళకి చక్రాలున్నాయే!" అని అంకాలు మురిసిపోతూనే ఉంది.

పేగుల మూల చీకట్లో ఇసుమంతుడు ఇద్దరయ్యాడు. ఇద్దరు నలుగురయ్యారు. చాలీచాలని తిండితోనే, చడీచప్పుడు లేకుండా, వందలయ్యారు, వేలయ్యారు. మల్లన్న అటుగా వస్తే అందరూ ఖాళీ చేతులెత్తి "దండాలు బాబూ" అనేవాళ్ళు. అతను వెళ్ళగానే గుసగుసలు మొదలయ్యేవి.

"ఎంతమందిమయ్యాం?"

"ఇంకా చాలలేదు. నోరు మూసుకో."

ఎనిమిదో రోజున మళ్ళీ అదే ప్రశ్న వినిపించింది. ఈసారి "చాలు" అని జవాబు వచ్చింది.

అంతే! కడుపుల్లో మడిచి దాచుకున్న కత్తులు ఒక్కసారిగా బయటికొచ్చాయి. మల్లన్న లేచి నిలబడేలోపే నలభై లక్షలమందిని నరికాడు. నిలబడ్డాక ఇంకో కోటిమందిని నరికాడు. అయినా వాళ్ళు తరగలేదు. అతని ఎడమచెయ్యి తెగి పడింది.

బయట అంకాలు గొంతు మారిపోయింది. "అమ్మో, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది! ఏం తిన్నావే? ఏ నీళ్ళు తాగావే?"

"ఏం తాగలేదమ్మా" అంది బంగారి. ఎనిమిది రోజుల కిందటి దోసెడు నీళ్ళు ఏ పిల్లకి గుర్తుంటాయి?

కాలేయమ్మ ఇసుమంతుడికి ఎదురు నిలిచింది. "ఒరే, ఈ కత్తులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా?"

"కడుపులోనే తల్లీ. మడతలు పెట్టి, ముళ్ళు వేసి. మా తాతలు కత్తులు పట్టుకుని వచ్చి మీ మల్లన్న చేతిలో పోయారు. మా అన్నలు దాచుకునే బయల్దేరారు. కానీ మాకు కళ్ళు లేవు కదా. ఎండకి కాగిన గుంటలో వెచ్చగా తగిలేసరికి, ఇదే మనిషి కడుపనుకుని కత్తులు తీశారు. కత్తి మొయ్యాలంటే బోలెడు తిండి కావాలి. గుంటలో తిండెక్కడిది? మాడి చచ్చారు. అందుకే నేను ఒక్క వెచ్చదనాన్నే నమ్ముకోలేదు."

"మరి ఇది నా పిల్ల ఒళ్ళని నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు తల్లీ."

"నేనా!"

"మడుగులో తుప్పు ఎర్రగా తేలుతుంటుంది. ఎవరికి కావలసినంత ఇనుము వాళ్ళు తీసుకోవచ్చు, మడుగు దాచుకోదు. ఇక్కడ చూస్తే వెచ్చగా ఉంది, రవ్వ ఇనుము లేదు. దాచుకునేది ప్రాణమున్న ఒళ్ళే. నువ్వు తాళం వేశావు, మా ముళ్ళు విడిపోయాయి. ఆ తర్వాత మంది పోగవ్వాలనే ఆగాం."

కాలేయమ్మ పరుగున వెళ్ళి కొట్టు తెరిచింది. ఇనుము దొరికితే ఇది మడుగే అనుకుని కత్తులు మడిచేస్తారని ఆవిడ ఆశ. నిజంగానే కొందరు మడిచారు. కానీ ఆ ఇనుము తిన్నవాళ్ళందరూ బలిసి, ఒక్కొక్కడు వెయ్యిమందయ్యాడు.

"బంగారీ! కళ్ళు తేలేస్తున్నావేమే! అమ్మని చూడవే!" అని అంకాలు గుండెలు బాదుకుంది.

కాలేయమ్మ మళ్ళీ తలుపు మూసింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. తాళం వేస్తే కత్తులు లేస్తాయి. తీస్తే విందు జరుగుతుంది. మూడో దారి లేదు.

ఆవిడ తాళమే వేసింది. ఈసారి నెత్తురుకి పంచే ఇనుమూ ఆపేసింది. బంగారి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. ఇరవై ఒక్క రోజులు లోపల యుద్ధం. ఆ వేడికి పక్కన పెట్టిన తడి చాప పెళపెళా ఎండిపోయింది. ఇనుము లేక రోగాలు నీరసించాయి. ఒంటిచేతి మల్లన్న నీరసించినవాళ్ళని ఊచకోత కోశాడు.

బంగారి బతికింది.

మిగిలిన నాలుగైదు రోగాలు పేగుల చివరి గుమ్మం దాకా జారి, బయటి నీళ్ళ వాసన తగలగానే కత్తులు మడిచేసుకున్నాయి. మల్లన్న గుమ్మం దగ్గర ఒంటిచేత్తో కత్తి ఎత్తి, "చేతులు చాపండి!" అని అరిచాడు. పేగుల్లోని కోట్ల పనివాళ్ళూ చాపారు, వీళ్ళూ చాపారు. అన్నీ ఖాళీ చేతులే. ఎవరిని నరుకుతాడు? కత్తి దించేశాడు. వాళ్ళు మెల్లగా బయటికి, పిల్ల బట్టల్లోకి జారిపోయారు.

అంకాలు పిల్ల మైలబట్టలు మూట కట్టి మడుగుకి తీసుకెళ్ళింది. ఉతికింది. మూడు వారాలుగా కంటిమీద కునుకు లేని మనిషి. గొంతెండి, దోసెడు నీళ్ళు తాగింది.

ఎనిమిదో రోజున ఆమె గొంతు బొంగురుపోయింది. "ఒళ్ళు మండిపోతోందే బంగారీ" అంది. అంకాలు ఒంట్లోనూ ఒక కాలేయమ్మ ఉంది, బంగారి కాలేయమ్మకి తోడబుట్టిన అక్క. చెల్లెలు పక్కటెముకలు అదిరేలా అరిచింది. "అక్కా! ఆ ఇనుము కొట్టు…"

అని ఆగిపోయింది. తాళం వెయ్యమని చెప్పాలా? తియ్యమని చెప్పాలా?

ఆ మాట పూర్తి చెయ్యలేక కాలేయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడు రోజులు చెవి ఒగ్గి వింది. నాలుగో రోజు పొద్దెక్కినా అంకాలు గొంతు వినిపించలేదు. బంగారి తెల్లటి ముఖంతో చాపమీద కూర్చుని, ఎండలో తిరగొద్దని ఎవరైనా అరుస్తారేమోనని గుమ్మం వైపు చూస్తూ ఉంది.

అప్పటినుంచే రోగాలు నీళ్ళలో ఉన్నంతసేపూ కత్తులు మడుచుకుని అమాయకంగా తిరుగుతాయి. ఒంట్లో చేరి, వెచ్చదనం తగిలి, ఇనుము కరువై, మంది పోగయ్యాకే కత్తులు తీస్తాయి. అప్పటినుంచే, తన తాళం చప్పుడు శత్రువు కూడా వింటాడని తెలిసి కూడా, కాలేయమ్మ ప్రతిసారీ తాళం వేస్తూనే ఉంది. పెద్ద జ్వరం పడి లేచిన పిల్లల ముఖం నేటికీ అలా పాలిపోయి ఉండేది అందుకే.