పళ్ళు నూరిన గుమ్మడు

అనగనగా ఒక వెదురు అడవిలో గుమ్మడు అనే అడవిపంది ఉండేవాడు. వాడికి ఇంతేసి కోరలు. ఆ కోరలతోనే నేల పెళ్ళగించి, దుంపలు తీసి పెళ్ళాం పిల్లల్ని పోషించేవాడు.

ఒకరోజు వాడికి కుడి దవడ నొప్పి పట్టుకుంది. దవడతో ఆగిందా? చెవిలోకి పాకింది, కణతకెక్కింది. నమలబోతే ప్రాణం పోయినంత పనయ్యేది.

కోతి చూసి, "ఇంకా ఆలోచనెందుకు? నొప్పి కోరలోనే ఉంది. తీగ కట్టి లాగేస్తాను, పీడ పోతుంది!" అంది. అనడమే కాదు, తీగ కూడా పట్టుకొచ్చింది.

గుమ్మడి భార్య ముర్రి లబోదిబోమంది. "కోర పోతే ఏం తిని బతుకుతాం? ముందు పిట్టత్తకు చూపిద్దాం పదవయ్యా!"

పిట్టత్త అంటే వడ్రంగిపిట్ట. ఆ అడవిలో పళ్ళు చూసేది ఆవిడే.

"నోరు తెరు నాయనా," అంది. పుప్పి ఉందేమోనని చూసింది. లేదు. చిగుళ్ళు వాచాయేమోనని చూసింది. లేదు. పన్ను పగిలిందేమోనని ముక్కుతో టకటకా తట్టింది. అదీ లేదు.

"పళ్ళు గట్టిగానే ఉన్నాయి. మరి పైన ఇలా అరిగాయేం?"

"నిద్రలో పళ్ళు నూరుతాడత్తా. ఆ కటకటలకు పిల్లలు జడుసుకుంటున్నారు," అంది ముర్రి.

"ఎవరి మీద నాయనా, అంతలా నూరుతున్నావు?"

గుమ్మడు తల దించుకున్నాడు. "ఆ ముళ్ళపంది మీద. పోయిన వానల్లో అందరి ముందూ నన్ను 'ముక్కు పొడుగు, బుద్ధి పొట్టి' అన్నాడు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది!"

"అదీ సంగతి! నూరేది వాడి మీద, నొప్పి నీకు. జబ్బు కోరలో లేదు, నువ్వు బిగబట్టిన దవడలో ఉంది. కాపడం పెట్టుకో, మెత్తనివి తిను. ముందు వెళ్ళి వాడితో మాట్లాడు. అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ రా."

గుమ్మడు కోతి చేతిలోని తీగ వంక చూశాడు. ముళ్ళపంది ఇంటి దారి వంక చూశాడు. నిజం చెప్పొద్దూ, కోర పీకించుకోవడమే తేలికనిపించింది. కానీ పిల్లలు గుర్తొచ్చారు. కాళ్ళీడ్చుకుంటూ ముళ్ళపంది ఇంటికే వెళ్ళాడు.

సంగతంతా విని ముళ్ళపంది తెల్లబోయాడు. "నేనా? అలా అన్నానా? గుర్తే లేదు బావా! అని ఉంటే తప్పే, మనసులో పెట్టుకోకు. రా, మెత్తటి దుంప ఉంది, తిందువుగాని."

గుమ్మడు నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళు తను పళ్ళు నూరింది వాడికి గుర్తే లేని మాటకా! నవ్వొచ్చేసింది. నవ్వీ నవ్వీ బిగుసుకున్న దవడ కాస్త సడలింది. ఆ రాత్రి పిల్లలు హాయిగా నిద్రపోయారు.

నీతి: ఎవరి మీదో పళ్ళు నూరితే అరిగేవి మన పళ్ళే.