ఉప్పుకూరకి సిగ్గెందుకు?

ఒకప్పుడు ఉప్పుకూరలో ఉప్పే ఉండేది కాదు. అవును, నిజం! ఆకు పల్చగా, పచ్చగా ఉండేది. నోట్లో వేసుకుంటే నీళ్ళు నమిలినట్టుండేది. అందుకని దాన్ని అందరూ చప్పకూర అనేవారు.

ఆ చప్పకూర సముద్రం ఒడ్డున, నూకాలు అనే ఆవిడ చేను గట్టు మీద ఉండేది. నూకాలుకీ, ఆవిడ పెనిమిటి గంగులుకీ ఉన్నది ఆ ఒక్క చేనే. అది పండితే ఇంత తిని ఉన్నచోట ఉండడం, పండకపోతే మూట కట్టుకుని ఊరు విడిచిపోవడం. అంతే. చేనుకీ సముద్రానికీ నడుమ మోకాలెత్తు మట్టికట్ట ఒకటుండేది.

చేలో వరి అప్పుడే పాలు పోసుకుంటోంది. దాని టెక్కు చూడాలి!

"ఏమే చప్పకూరా! నన్ను వండితే పండగ. నిన్ను వండితే పథ్యం!" అని కంకులు ఊపుకుంటూ నవ్వేది.

మాట అబద్ధం కాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తేనే నూకాలు ఆ కూర కోసేది. మంచం మీది మనిషి కూడా ఒక ముద్ద తిని, "ఇంక చాల్లే" అని కంచం జరిపేసేవాడు.

చప్పకూరకి తల కొట్టేసినట్టయ్యేది. ఒకరోజు గట్టు మీంచి వంగి సముద్రాన్ని పిలిచింది.

"తాతా, తాతా! నీ దగ్గర బోలెడు ఉప్పుంది కదా. నాకు కాస్త పెట్టవూ?"

"దానికేం భాగ్యం మనవరాలా! ఎంత కావాలి?" అన్నాడు సముద్రం తాత.

చిటికెడు అంటే సరిపోను. కానీ వరి వింటోందేమో! చిటికెడు అడిగితే చిన్నతనం అనుకుంది. "నీ చేతికి వచ్చినంత పెట్టు తాతా" అనేసింది. తాత చెయ్యి ఎంతుంటుందో ఆలోచించనే లేదు, పిచ్చిది.

"సరే. కానీ ఉప్పు చేతికి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయి. నేను కింద పెడతాను, నువ్వు తీసుకో. అడిగినవాళ్ళే తీసుకోవాలి సుమా!"

మనమూ అంతే కదా పిల్లలూ! పక్కింటివాళ్ళకి ఉప్పు ఇవ్వాలంటే గిన్నె కింద పెడతాం. వాళ్ళు వంగి తీసుకుంటారు. తాత మనకంటే పెద్దవాడు, ఆయనకి పట్టింపు ఇంకా ఎక్కువ.

అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం పోటు లేచింది. తాత మట్టికట్ట దాటి, చేలోకి వచ్చి, ఉప్పు నేల మీద పెట్టి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయాడు.

చప్పకూర కిందికి చూసింది. చేనంతా తెల్లగా పిండి ఆరబోసినట్టుంది!

ఇంత ఉప్పు ఎలా ఎత్తడం? ఎత్తితే ఎవరడిగారో అందరికీ తెలిసిపోదూ? ఏమీ ఎరగనట్టు ఆకులు ముడుచుకుని గట్టు మీదే కూర్చుంది.

మూడో రోజుకి వరి కొసలు మాడాయి. అయిదో రోజుకి పాలు పోసుకున్న కంకులు తాలుపోయాయి.

"అక్కా, నీళ్ళు తాగుతుంటే గొంతు మండుతోందే. మనం ఎవరికేం చేశాం అక్కా?" అంది వరి.

ఎప్పుడూ 'ఏమే' అనేది, ఇవాళ 'అక్కా' అంది. చప్పకూర అటు తిరిగి చూడలేకపోయింది.

నూకాలు వచ్చింది. చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది. అక్కడే కూలబడింది.

"ఇంకేటుందే ఇక్కడ? గిన్నెలు సర్దు, ఎల్లిపోదాం" అన్నాడు గంగులు.

"తప్పు నాదేనయ్యా. కట్ట మీద నాలుగు తట్టల మట్టి ఎయ్యమని నువ్వు చెప్తూనే ఉన్నావు. రేపు, రేపు అన్నాను. నా బద్ధకమే చేనుని చంపేసింది."

ఎండిన వరి దుబ్బుల్ని నిమురుతూ, "నన్ను చమించండమ్మా" అంది.

అప్పట్లో మొక్కల మాటలు మనుషులకి వినిపించేవి. నేనేనమ్మా అని చప్పకూర ఒక్క మాట అంటే చాలు. నోరు పెగల్లేదు.

నూకాలు లేచి, గట్టు మీద చప్పకూరని చూసింది. "నువ్వన్నా బతికున్నావా తల్లీ! ఇంత ఉప్పులో నీకెంత దాహమేస్తోందో" అని, తను తాగడానికి మైళ్ళు నడిచి తెచ్చుకున్న చెంబుడు మంచినీళ్ళూ దాని మొదట్లో పోసేసింది.

ఆ నీళ్ళు చల్లగానే ఉన్నాయి. కానీ చప్పకూరకి నిప్పులు పోసినట్టయింది.

"తాతా! నీ ఉప్పు నువ్వు తీసేసుకో. నీకు దణ్ణం పెడతాను!" అని ఏడ్చింది.

"నేను కింద పెట్టింది నేనే ఎత్తకూడదమ్మా. అడిగినవాళ్ళే ఎత్తాలి" అన్నాడు తాత. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది దానికి.

"నూకాలమ్మా..." అని పిలిచింది చప్పకూర. "కట్టది తప్పు కాదు. నీది కాదు. ఉప్పు అడిగింది నేను. నన్ను చప్పన అంటున్నారని, గొప్పకి పోయి అడిగాను. అయిదు రోజుల్నించీ నోరు విప్పకుండా కూర్చున్నాను."

చెప్తుంటే దాని వేళ్ళ దగ్గర మొదలై కొసాకు దాకా ఎరుపు పాకింది.

గంగులు కొడవలి ఎత్తాడు. "పీకి పారేస్తాను దీన్ని!"

నూకాలు అతని చెయ్యి పట్టుకుంది. చప్పకూర వైపు తిరిగింది. "ఉప్పు కావాలంటే నన్నడక్కపోయావా? నా కుండలో లేదా తల్లీ?" అంది.

తిట్టినా బాగుండేది.

చప్పకూర గట్టు మీంచి వేళ్ళు పెరుక్కుని, ఆ తెల్లటి చేలోకి దిగింది. వేళ్ళతో ఉప్పు ఎత్తి ఆకుల్లో దాచుకోవడం మొదలుపెట్టింది. ఒక ఆకు నిండితే ఇంకొకటి. పల్చటి ఆకులు ఉబ్బి ఉబ్బి బియ్యపు గింజల్లా అయ్యాయి. "నేనొక్కదాన్నీ చాలను. నా విత్తనాలు చల్లు నూకాలమ్మా" అంది.

"కలుపు మొక్కని ఎవరైనా విత్తుతారటే!" అని గంగులు నెత్తి కొట్టుకున్నాడు.

నూకాలు వినలేదు. వడ్లు చల్లినట్టే ఆ విత్తనాలు చేనంతా చల్లింది. చేను ఎర్రగా లేచింది. లేత కొసలు కోసి, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టింది. ఉప్పు వెయ్యలేదు.

గంగులు మూతి ముడుచుకునే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు.

"ఇంకాస్త ఉందేటే?" అన్నాడు.

గిన్నెలు సర్దలేదు, ఊరు విడవలేదు. చప్పకూరని ఉప్పుకూర అని పిలుస్తూ, దాన్నే తిని, అమ్ముకుని బతికారు. ఏటేటా కొయ్యగా కొయ్యగా, కోసిన కూరతోబాటు ఉప్పూ కొంచెం కొంచెం బయటికి పోయింది. నాలుగేళ్ళకి, వానలు దండిగా పడిన ఏడు, చేను మూల పిడికెడు వరి పచ్చగా నిలబడింది. "అక్కా" అని పిలిచింది. ఉప్పుకూర పలికింది కానీ తలెత్తలేదు. క్షమించేశాంలే అని అందరూ చెప్పారు. దానికే ఆ ఎరుపు పోలేదు.

అప్పటినుంచే ఉప్పు తేలిన నేల ఎక్కడుంటే అక్కడికి, ఎవరూ పిలవకుండానే, ఉప్పుకూర అందరికంటే ముందు వెళ్ళి దిగుతుంది. ఉప్పు ఎంత ఎక్కువుంటే అంత ఎర్రబడిపోతుంది. ఎవరు పెట్టిన ఉప్పయినా సరే, తనే అడిగానన్నట్టు తల వంచుకుని ఎత్తుతూనే ఉంటుంది.