పడవకి ఎదురెళ్ళిన పలక

"ఈదురు గాలమ్మా, మా యీధికి రామ్మా, వచ్చే ముందొక మాట సెప్పి రామ్మా" అని ఒక పాట ఉండేది. నా చిన్నప్పుడు మా అమ్మా పెద్దమ్మా ఇసకలో చేపలు ఎండబెడుతూ పాడేవారు. దానికి గాలి ఏమని బదులిస్తుందో ఆ తరువాత ఉంది. "సెప్పనా, సెప్పనా" అనే దాకా వస్తుంది నాకు, అక్కడ ఆగిపోతుంది. ఇప్పుడు తెల్లవారకముందే ఒడ్డుకి పోతూ దారిలో పాడుకుంటాను, ఈ పూటైనా గుర్తొస్తుందేమోనని. రాదు.

నా చేత ఆ పాట మొదట రాయించినది మాణిక్యాంబ టీచరమ్మగారు. బడిలో ఉద్యోగం అయిపోయాక ఆవిడ మా పేటకి వచ్చి, తుఫాను షెల్టరు పక్క గదిలో ఉంటూ, మధ్యాహ్నం పూట వరండాలో మా ఆడవాళ్ళకి అక్షరాలు చెప్పేవారు. నాకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. పలక పట్టుకోవడం సిగ్గుగా ఉండేది. పాట మరిచిన చోట ఏం చెయ్యమంటారంటే, "చుక్కలు పెట్టి వదిలెయ్యి, అవే నిండుతాయి" అన్నారు. ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అని కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటారు. ఆ చూడ్డానికి ఒక్కోసారి నెల పట్టేది.

ఆ ఏడు ఉమాగౌరి అనే పిల్ల మా పంచాయతీకి కార్యదర్శిగా వచ్చింది. హైస్కూల్లో టీచరమ్మగారి దగ్గరే చదువుకున్నదట. గాలీ వానా వచ్చే ముందే జనానికి తెలిసే ఏర్పాటు ఏ పంచాయతీకి ఆ పంచాయతీ చేసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వస్తే, పాపం, ఆ పిల్ల తిండి మానేసి తిరిగింది. షెల్టరు మీద సైరన్ పెట్టించింది. ఫోన్లకి మెసేజీలు పంపించింది. మైకు తెచ్చింది. రెండుసార్లు సైరన్ కూసింది, రెండుసార్లూ గాలి మా మీదికి రాకుండా ఉత్తరానికి తిరిగిపోయింది. వేట మానుకుని కూర్చున్న మగవాళ్ళు ఆ సైరన్‌కి "ఉమాగౌరమ్మ కోడి" అని పేరు పెట్టారు. మూడోసారి కూస్తే ఒక్కడూ తల ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా క్లాసు మధ్యలో వచ్చి కూర్చుని అడిగింది. "అమ్మగారూ, ఇంకేం కొనాలో చెప్పండి, కొనిపిస్తాను. వీళ్ళు ఎవరి మాట వింటారు?"

టీచరమ్మగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడుచుకుంటూ మమ్మల్ని అడిగారు. "ఏమే, మీ పేటలో ఎవరు ఎదురొస్తే పడవ ఆగుతుంది?"

మేము ఫక్కున నవ్వాము. తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం క్లాసులో, అయిదుగురం మొగుళ్ళు పోయినవాళ్ళం. "మేమే కదమ్మా!" అంది వెనక నుంచి ఒకతె. ఉమాగౌరి నవ్వలేదు, తల దించుకుంది. "చూద్దాం" అన్నారు టీచరమ్మగారు.

మా పేట సంగతి తెలియని వారికి ఒక మాట చెప్పాలి. వేటకి పోయే మనిషిని ఎక్కడికని అడగకూడదు. వెనక నుంచి పిలవకూడదు. మొగుడు పోయిన మనిషి ఎదురు రాకూడదు. వస్తే వేటకి బయల్దేరినవాడు ఇంటికి తిరిగిపోయి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, పొద్దెక్కే దాకా కూర్చోవాలి. అందుకని పడవలు అలలు దాటి, ఇంజన్ల చప్పుడు సన్నగిల్లే దాకా మేము తలుపు తీసేవాళ్ళం కాదు. మా ఆయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. నా కొడుకు ఎల్లాజీ సొంత పడవ కొనుక్కుని ఆరేళ్ళు. వాడు పడవ దించడం నేను ఒక్కనాడూ కళ్ళతో చూడలేదు, చప్పుడే విన్నాను. తప్పని ఎప్పుడూ అనుకోలేదు. బిడ్డ కోసమే కదా.

ఆ వారంలోనే టీచరమ్మగారు నాకొక పని పెట్టారు. ఉమాగౌరి ఫోనుకి తెల్లవారుజామున వచ్చే వాతావరణం కబురుని షెల్టరు బోర్డు మీద సుద్దతో రాయాలి. నేను దొడ్డిదారిన పోయి రాసేదాన్ని. "గాలి మామూలు." "అలలు మామూలు." రెండు ముక్కలకి చెయ్యి చెమట పట్టేది. మగవాళ్ళు ఆ దారిన రారు, ఆ బోర్డు చదివినది ఆవులు తప్ప ఎవరూ లేరు.

కార్తీకమాసంలో ఒక రోజు నేను పోయేసరికి ఉమాగౌరి అప్పటికే అక్కడుంది, జుట్టు కూడా దువ్వుకోలేదు. పొద్దున్న తొమ్మిదింటికల్లా పెద్ద గాలి అని కబురు. సముద్రం చూస్తే నూనె పోసినట్టుంది. సైరన్ వేసింది. ఒడ్డు నుంచి నవ్వులు వినిపించాయి. మైకు పట్టుకుని పరిగెత్తింది. కాసేపటికి ఏడుస్తూ తిరిగొచ్చింది. "పడవలు దించేస్తున్నారమ్మా. 'కోడి కూసింది, తెల్లారింది' అంటున్నారు."

సైరన్‌కి గదిలోంచి బయటికొచ్చిన టీచరమ్మగారు నా వైపు తిరిగారు. "కాసులమ్మా, నీ పలక ఏది?"

నాకు అర్థమైంది. "నేనా! నా వల్ల కాదమ్మా. తిడితే తిట్టనీ, పడతాను. నేను ఎదురెళ్ళాక కూడా ఆగకుండా పోతే? మా ఎల్లాజీకి ఏమన్నా అయితే? ఊరు నన్నే అంటాది. ఊరిదాకా ఎందుకు, నేనే అనుకుంటాను, నేను ఎదురెళ్ళబట్టే పోయాడని."

"అనుకుంటావు" అన్నారావిడ. కాదనలేదు. "వెళ్ళకపోతే ఏమనుకుంటావో అదీ చూసుకో."

పలక మీద "గాలి వస్తాది. ఎల్లొదు" అని రాశాను. రాస్తుంటే సుద్దముక్క విరిగింది. ఇసకలో నడిచాను. పదకొండేళ్ళలో ఆ వేళప్పుడు ఆ దారి తొక్కడం అదే మొదలు. ఆరు పడవలు, ముందు మా ఎల్లాజీది. సగం నీళ్ళలో ఉంది. పడవ ముక్కుకి ఎదురుగా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, పలక గుండెకి ఆనించుకుని నిలబడ్డాను.

అందరి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. మా మరిది దానయ్య తెడ్డు నీళ్ళలో విసిరికొట్టాడు. "ఏటొదినా ఇది! మతి పోనాదా? అందర్నీ సంపేద్దామనే?"

నేను పలక ముందుకి చాపాను. దానయ్యకి చదువు రాదు. ఎల్లాజీ ఏడో తరగతి దాకా చదివాడు. వాడు పలక చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ పలక చూశాడు. పడవ ఒడ్డుకి లాగాడు. వెనకవాళ్ళు ఉమ్మేసి, నన్ను తిట్టి, కోడిని తిట్టి, ఉమాగౌరిని తిట్టి, ఇళ్ళకి పోయారు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూర్చున్నారు.

తొమ్మిదిన్నరకి వచ్చింది గాలి. చేపలు ఆరబెట్టే షెడ్డు రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. మధ్యాహ్నానికి తగ్గింది. పక్క పేట పడవలు రెండు తిరగబడ్డాయట. మనుషులు కర్రలు పట్టుకుని ఈదుకొచ్చారు, అదే పదివేలు.

అన్నం పెడుతుంటే ఎల్లాజీ తల ఎత్తకుండా అన్నాడు. "అమా, 'వస్తాది' బాగానే రాసినావు. 'ఎల్లొద్దు'లో దు కింద ఒత్తు మరిసిపోనావు." అంతే అన్నాడు. నేను వంటింట్లోకి పోయి, పలక తీసి ఆ ఒత్తు దిద్దుకున్నాను.

సాయంత్రం టీచరమ్మగారు ఊరెళ్తున్నారు. విజయనగరంలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదు. సంచీ పట్టుకుని నేనూ, ఉమాగౌరీ బస్సు దాకా వెళ్ళాము. ఆ పిల్ల ఆనందం పట్టలేకపోతోంది. "దొరికిందమ్మగారూ! ఇక మీదట పెద్ద గాలి కబురు వచ్చిన రోజల్లా కాసులమ్మగారిని ఒడ్డుకి పంపిస్తాను. ఆవిడని చూస్తే చాలు, ఆగిపోతారు. పై ఆఫీసుకి కూడా రాస్తాను."

మంచి మాటే అన్నది. ఆరు పడవలు ఒడ్డునున్నాయి, ఇంకేం కావాలి? అయినా నా లోపల ఏదో ముడుచుకుపోయింది. గాలి వచ్చిన రోజల్లా నేను. నన్ను చూస్తే చాలు. టీచరమ్మగారు మాత్రం నన్ను చూస్తూ ఉన్నారు.

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి "చూద్దాం" అనలేదు. "ఉమా, రేపు గాలి ఎలా ఉంటుందిట?" అని అడిగారు.

"ఏమీ లేదమ్మగారూ. మామూలే. సముద్రం బాగుంటుందట."

బస్సు కదిలింది. ఆవిడ మళ్ళీ మా పేటకి రాలేదు, ఆ ఏడు మాఘమాసంలో చెల్లెలింట్లోనే పోయారు. కిటికీలోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుని అన్నదే నాతో ఆవిడ అన్న ఆఖరి మాట.

"అయితే కాసులమ్మా, రేపు కూడా ఎదురెళ్ళు. సముద్రం బాగుంది, వెళ్ళిరండి అని చెప్పు."