బాతు వేసిన కేక

అనగనగా ఒక అడవి. అక్కడ ఇంట్లో ఎవరి భాష వాళ్లది. గడప దాటితే మాత్రం అందరూ గోరువంకల భాషే మాట్లాడాలి. ఆ భాష నేర్పేది గోరువంక పంతులమ్మ. ఆమెకు పిల్లలంటే ప్రాణం. ఉచ్చారణంటే అంతకన్నా ప్రాణం.

ఏటి మధ్యలో ఒక లంక ఉంది. దుప్పి పిల్లలు రోజూ అక్కడికి మేతకు వెళ్లేవి. ఏరు పొంగేలా ఉంటే గట్టు మీది బండెక్కి ఒకరు కేక వెయ్యాలి. ఆ ఏడు ఆ పని తనకిమ్మని బాతు వచ్చింది.

"కొండలవతల నుంచి వచ్చి రెండేళ్లయింది పంతులమ్మా. ఇంకా నన్ను చుట్టంలాగే చూస్తున్నారు. ఈ పని చేస్తే మీలో ఒకదాన్నవుతాను," అంది.

"సరే. 'ఏరొస్తోంది, గట్టెక్కండి' అను."

"ఏ...రొస్తోందీ... గట్టెక్కండీ..."

"అంత సాగదీస్తావేం? అదేమన్నా తీగపాకమా?" అంది పంతులమ్మ.

మర్నాడు బాతు పొట్టిగా పలికింది. "గొంతు బావిలోంచి వస్తోంది. సన్నగా పలుకు," అంది పంతులమ్మ.

మూడోనాడు సన్నగా పలికింది. "చివర్లో రాగం పైకి పోతోంది. కేకేస్తున్నావా, ప్రశ్న అడుగుతున్నావా?"

దుప్పి పిల్లలు కిసుక్కుమన్నాయి. బాతు కూడా నవ్వింది కానీ, మెడ దించుకుంది. పంతులమ్మకు మనసు చివుక్కుమంది. అయినా పని చిలకకే ఇచ్చింది. చిలకది అచ్చు పంతులమ్మ పలుకే మరి. బాతు మాత్రం రోజూ బండ కింద కూర్చుని దిద్దుకుంటూనే ఉంది.

కార్తీకంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం ఎగువ నుంచి ఎర్రనీళ్లు దిగాయి. గాలి ఎవరినీ రెక్క విప్పనివ్వడం లేదు. లంక మీద మూడు దుప్పి పిల్లలు తలొంచుకుని మేస్తున్నాయి.

చిలక కేక వేసింది. ఏటి హోరు మింగేసింది. పంతులమ్మ వేసింది. అదీ అంతే. బాతు పరుగెత్తుకొచ్చి, నేర్చుకున్నట్టే పొట్టిగా, సన్నగా వేసింది. అదీ మునిగిపోయింది. నీళ్లు లంక మీది గడ్డిని తాకాయి.

"ఒసే బాతూ! నేను నేర్పిందంతా మరిచిపో. మొదటిరోజు అన్నట్టు అను!"

"అది తప్పు కదా పంతులమ్మా?"

"తప్పు నాదే తల్లీ. కానివ్వు, తొందరగా!"

బాతు మెడ చాచింది. లోపల్నుంచి తీసి, సాగదీసి, చివర పైకెత్తి కేక వేసింది. హోరును తోసుకుంటూ అది లంక దాకా వెళ్లింది. పిల్లలు తలెత్తాయి. ఇంకా మునగని రాళ్ల మీదుగా చెంగుచెంగున దూకి గట్టెక్కాయి. వెనకే లంక మునిగింది.

ఆ సాయంత్రమే బండ బాతుదైంది. మర్నాటి నుంచి బడిలో వరద కేక బాతు యాసలోనే నేర్పారు. వెనక వరుసలో కూర్చుని పంతులమ్మ కూడా పలికింది.

బాతు ఆగి, మొహమాటపడుతూ అంది: "ఏమీ అనుకోకండి పంతులమ్మా. ఇంకొంచెం సాగాలి."

నీతి: ఎదుటివారి యాసను దిద్దబోయే ముందు, అందులోని బలమేమిటో చెవి పెట్టి వినాలి.