పద్నాలుగో కర్ర

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున బూరెల వారింటి అన్నదమ్ములు ముగ్గురూ అందరికన్నా ముందు వెళ్ళి వరసలో నిలబడ్డారట. కాకపోతే జల్లెడ పట్టుకెళ్ళారు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, కన్నతల్లి నీలమ్మే అనేది.

అన్నదమ్ములకి మాత్రం తమ తెలివి మీద కొండంత నమ్మకం. పెద్దవాడు పోలయ్య లెక్కల్లో దిట్ట. ఎదురుగా ఏమీ లేకపోయినా సరే, ఒకటి నుంచి నూరు దాకా ఆగకుండా లెక్కపెట్టేవాడు. రెండోవాడు అసిరయ్య చెప్పిన మాట జవదాటడు. మూడోవాడు గురువులు, అన్నలిద్దరూ ఔనంటే తనూ ఔననేవాడు. అదే వాడి తెలివి.

ఇంత తెలివి ఉండబట్టే ఏ పనీ నిలవలేదు. నీలంపేట కొండమీద గోల్ఫు మైదానంలో గడ్డి కోసే పని దొరికితే, మేస్త్రి మొదటి రోజునే, "నేలమీద ఎక్కడా గుంట కనబడకూడదు" అన్నాడు. అంతే. సాయంత్రానికల్లా ఎలక బొరియలతో పాటు ఆటగాళ్ళు బంతి వేసుకునే తొమ్మిది గుంటలూ పూడ్చేసి, పైన గడ్డి నాటి, చేతులు దులుపుకున్నారు. మర్నాడు పెద్దమనుషులంతా వంగి వంగి గుంటల కోసం వెతుక్కున్నారు. ఇంకేముంది, ముగ్గురికీ ఉద్వాసన.

ఆ రోజు నీలమ్మ వడ్లు దంచుతున్న రోకలి పక్కన పెట్టి మరీ చెప్పింది. "ఇంకొక్క పని పోగొట్టుకొచ్చారంటే మీ ముగ్గురి కంచాలూ బోర్లించీస్తాను. తరవాత మీ తెలివి వండుకుని తినండి!"

పోలయ్యకి పులన్నా భయం లేదు గాని బోర్లించిన కంచం అంటే గుండె జారిపోయేది. అందుకే డాక్టరు విద్యాసాగరం గారు పిలిపించగానే తమ్ముళ్ళని వెంటేసుకుని పరిగెత్తాడు.

డాక్టరు గారికి గోల్ఫు ప్రాణం. మూడేళ్ళుగా కప్పు ఆటలో చివరిదాకా రావడం, చివర్లో ఓడిపోవడం. కారణం ఒక్కటే, ఏ కర్రతో కొట్టాలో తేలేది కాదు. ఇది తీసి అది పెట్టి, అది తీసి ఇది పెట్టి, ఆఖరికి బంతిని పొదల్లోకి కొట్టేవారు. ఈ ఏడాది కప్పు ఆట రేపనగా ఆయన సంచి మోసే మనిషికి జ్వరం తగిలింది. ఊళ్ళో ఖాళీగా ఉన్నది ఈ ముగ్గురే. ఆయన తలరాత.

"జాగ్రత్తగా వినండి," అన్నారు డాక్టరు గారు. "సంచిలో కర్రలు పద్నాలుగే ఉండాలి. ఒక్కటి మించిందా, శిక్ష వేస్తారు, నా కప్పు పోయినట్టే. ఆట అయ్యేదాకా లెక్క చూసుకుంటూ ఉండండి. నేను గెలిస్తే ఈ సంచి మోసే పని మీకే ఖాయం."

"లెక్కా? లెక్క నాకొగ్గేయండి బాబూ!" అన్నాడు పోలయ్య రొమ్ము విరుచుకుని.

సంచి ఇంటికి తెచ్చుకున్నారు. తెల్లారగానే పోలయ్య బడిపంతులి ఠీవితో ఒక కర్ర బయటికి లాగి, దాంతో మిగతా కర్రల నెత్తిమీద ఒక్కొక్కటి కొడుతూ లెక్కపెట్టాడు. పదమూడు వచ్చాయి. పోలయ్యకి ముచ్చెమటలు పోశాయి.

"ఓరే అసిరీ, ఒకటి తగ్గిందిరా!"

అసిరయ్య ఆ కర్రే అందుకుని లెక్కపెట్టాడు. పదమూడు. గురువులు కూడా ఆ కర్రే పట్టుకుని లెక్కపెట్టాడు. పదమూడే.

"ముగ్గురం మూడుసార్లు లెక్కెడితే మూడుసార్లూ ఒకటే వచ్చింది. మరింక తప్పేటుంటాది?" అన్నాడు పోలయ్య. "పద్నాలుగోది కావాలి. ఎక్కణ్ణించి తెద్దాం?"

నీలమ్మ నీళ్ళకి వెళ్ళింది. గోడకి ఆనించి ఇనప పొన్ను వేసిన రోకలి నిలబడి ఉంది. ఇంకేముంది, రోకలి సంచిలోకి దూరింది. పోలయ్య మళ్ళీ ఆ కర్రతోనే లెక్కపెట్టాడు. పద్నాలుగు! చేతిలో కర్ర కూడా లోపల పడేసి, ముగ్గురూ సంచి మోసుకుని కొండెక్కారు.

మైదానంలో రూల్సు చూసే పెద్దమనిషి రంగనాయకులు గారు నిలబడి ఉన్నారు. ఆయనకి పుస్తకంలో రాసిన అంకె తప్ప లోకంలో మరోటి కనబడదు. సంచిలోకి తొంగిచూసి వేలితో లెక్కపెట్టారు.

"పదిహేనున్నాయే! ఒకటి తీసెయ్. తీసింది మళ్ళీ ఆటలో ఎక్కడా నా కంట పడకూడదు."

పోలయ్య నోరు తెరిచాడు. "ఇంటికాడ పద్నాలుగే గదరా! దారిలో ఒకటి ఎలాగొచ్చింది?"

"కొండగాలి ఒంటికి మంచిదంటారు గదన్నా," అన్నాడు గురువులు. "పిల్లెట్టుంటాది."

సరే, ఏది తియ్యాలి? రోకలి అమ్మది. అది పోతే కంచం బోర్లా పడుతుంది. కాబట్టి డాక్టరు గారి కర్ర ఒకటి లాగి, ఎవరి కంటా పడకుండా మైదానం నడుమ ఉన్న మడుగులోకి విసిరేశాడు. బుడుంగున మునిగింది.

ఆట మొదలైంది. డాక్టరు గారు ఒక కర్ర తీసుకుని బంతి దగ్గరికి నడిచారు. లెక్క చూసుకుంటూ ఉండమన్నారు కదా, పోలయ్య వేలితో లెక్కపెట్టాడు. పదమూడు!

"మళ్ళీ తగ్గిందిరోయ్!"

అంతే. అసిరయ్య పరిగెత్తి మొదటి గుంటలో పాతిన జెండా కర్ర పీక్కొచ్చి సంచిలో పెట్టాడు. పద్నాలుగయ్యాయి. ఈలోగా డాక్టరు గారు బంతి కొట్టి, కర్ర తిరిగి సంచిలో పడేసి ముందుకి నడిచారు. పోలయ్య లెక్కపెట్టాడు. పదిహేను!

"ఆఖర్న వచ్చిందే ఎక్కువది. దాన్ని తీసెయ్," అన్నాడు. ఆఖర్న వచ్చింది డాక్టరు గారి కర్ర. బుడుంగ్.

"ఈ మడుగులో చేపలు బాగా ఎగురుతున్నాయే," అన్నారు డాక్టరు గారు వెనక్కి చూడకుండా.

ఇలా గుంటకొక కర్ర చొప్పున మునుగుతూ వచ్చింది. రెండో గుంట దగ్గర తోటమాలి దంతె సంచిలోకొచ్చింది. మూడో గుంట దగ్గర చూడ్డానికొచ్చిన ఒక దొరసానమ్మ గొడుగు. నాలుగో గుంట దగ్గర కంచె గుంజ. అయిదో గుంట దగ్గర పింఛను తాతగారొకరు చేతికర్ర మీద ఆనుకుని ఆట చూస్తున్నారు. గురువులు దణ్ణం పెట్టి మరీ దాన్ని లాగాడు. తాతగారు చతికిలబడి, అక్కణ్ణించే ఆట చూశారు.

డాక్టరు గారు ఏ నంబరు కర్ర అడిగినా పోలయ్య చేతికందింది ఇచ్చేవాడు. ఆయన, "ఇది కాదురా" అనేలోగా రంగనాయకులు గారు గడియారం చూపించి, "ఆలస్యం చెయ్యకూడదు" అనేవారు. చేసేది లేక డాక్టరు గారు ఇచ్చినదాంతోనే కొట్టేవారు. ఆలోచించుకునే తీరిక లేదు గనక బంతి తిన్నగా పోయేది! ఆరో గుంట దగ్గర రంగనాయకులు గారు అనుమానం వచ్చి సంచి లెక్కపెట్టారు. పద్నాలుగు. ఆయన లెక్క చూశారు గాని సరుకు చూడలేదు.

ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి డాక్టరు గారూ, ఆయనతో తలపడ్డ ఆటగాడూ సమానంగా ఉన్నారు. డాక్టరు గారు చెయ్యి చాపారు, పోలయ్య ఒక కర్ర ఇచ్చాడు, ఆయన ఊపిరి బిగబట్టి తట్టారు. బంతి దొర్లి దొర్లి గుంటలో పడింది. గెలిచేశారు!

ఆయన గంతులేసుకుంటూ వచ్చి కర్ర సంచిలో పెట్టబోయి ఆగిపోయారు. లోపల జెండా, దంతె, గొడుగు, గుంజ, రోకలి.

"నా కర్రలేవిరా?"

"మడుగులో ఉన్నాయి బాబూ. పది. ఒక్కటీ ఎక్కడికీ పోదు," అన్నాడు పోలయ్య ధీమాగా.

డాక్టరు గారి మొహం మొదట కందగడ్డయింది. తరవాత ఆలోచనలో పడ్డారు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. "మూడేళ్ళు నన్ను ఓడించింది ఆ కర్రలేరా! పని మీదే. కాని చీకటి పడేలోగా నా పద్నాలుగు కర్రలూ నా ఇంట్లో ఉండాలి. ఒక్కటి తగ్గినా పనీ లేదు, పాటూ లేదు."

ముగ్గురూ మడుగులోకి దూకారు. పదీ తీశారు. సంచిలో మిగిలిన నాలుగూ కలిపి గట్టుమీద పరిచారు. పోలయ్య ఒక కర్ర చేతబట్టి మిగతావాటిని కొడుతూ లెక్కపెట్టాడు. పదమూడు.

ఇంకేముంది, మళ్ళీ మడుగులోకి. మెడలోతు నీళ్ళలో పోలయ్య తన చేతిలో ఉన్న ఆ కర్రతోనే బురదంతా పొడుస్తూ పద్నాలుగో కర్ర కోసం వెతికాడు. పొద్దు వాలుతోంది. చేతిదాకా వచ్చిన పని జారిపోతోందని వాడికి నిజంగానే ఏడుపొచ్చింది, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంతలో నీలమ్మ రొప్పుతూ కొండెక్కి వచ్చింది. "నా రోకలేదిరా? పొద్దుట్నుంచీ దంపుడు లేదు, ఇంట్లో గింజ బియ్యం లేదు!"

"రోకలుందే అమ్మా, కర్రే లేదు. పద్నాలుగోది మునిగిపోయింది."

"దేంతో వెతుకుతున్నావురా?"

"ఇదిగో, ఈ కర్రతోనే."

నీలమ్మ వాణ్ణి గట్టుకి లాగి, ఆ కర్ర పుచ్చుకుని వీపు మీద రెండంటించి, దాన్ని మిగతా వాటి మీద పడేసింది. "ఇప్పుడు లెక్కెట్టు!"

పోలయ్య వేలితో లెక్కపెట్టాడు. పద్నాలుగు! "చేతిలోది కూడా లెక్కెట్టాలన్నమాట!" అని ఎగిరి గంతేశాడు. అసిరయ్య గంతేశాడు. గురువులూ గంతేశాడు.

కన్నకడుపు కదా, నీలమ్మ కూడా మెత్తబడింది. "పోన్లే, ఒక పని నిలబెట్టుకున్నారు. రోకలి ఇలా తే. వడ్లు దంచి, వేడివేడిగా వండి, ముగ్గురికీ కడుపు నిండా పెడతాను."

"ఉండవే, డాక్టరు గారికి ఇచ్చేముందు ఒక్కసారి సరిచూసుకోనీ," అన్నాడు పోలయ్య. రోకలి చేతబట్టి కర్రల్ని ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగు వచ్చాయి. ఈసారి బుద్ధి వచ్చింది గదా, చేతిలోది కూడా కలిపాడు. పదిహేను!

అంతే. నీలమ్మ కెవ్వుమనేలోగా రోకలి గాల్లో గిరగిరా తిరిగి మడుగు నడిమధ్యన పడింది. ఇనప పొన్నేమో, బుడుంగుమని అడుక్కి పోయింది.

పోలయ్య చేతులు దులుపుకున్నాడు. "ఇప్పుడు సరిపోయిందే అమ్మా. పద, దంచి వండు, ఆకలేస్తోంది."