పైడితల్లి కొంగుముడి

పిల్లల ఆస్పత్రిలో శ్వాస వైద్యం నేర్చుకుంటున్న ఇందుమతికి ఆ ఉదయం ఓపిక నశించింది.

ఐదేళ్ల సింహాద్రిది లక్షల్లో ఒకరికి వచ్చే జన్యులోపం. నాలుక మందం, గొంతు ఇరుకు. నిద్రపోతే చాలు, గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. టాన్సిల్స్ తీసినా తగ్గలేదు. ముక్కుకు పొడవాటి గొట్టం ఉన్న మాస్కు తగిలించి మిషన్‌తో గాలి పంపితే గొంతు తెరుచుకుంటుంది. కానీ వాడు "తొండం వద్దు" అని పీకి పారేస్తాడు.

"మిషన్ ఆపేద్దాం సార్," అంది గురువు పరాంకుశంగారితో. "అసలు జబ్బుకు మందే లేదు. నిద్ర ఒక్కటీ కుదిరితే ఏం లాభం?"

ఆయన సింహాద్రి మంచం దగ్గరికి వెళ్లారు. మాస్కు తీసుకుని తన ముక్కుకు ఎదురుగా పట్టుకుని తల ఊపారు.

"ఒరే, నేను వినాయకుణ్ణి. నువ్వు ఎలకవి."

"కాదు! నానే ఇనాయకుణ్ణి. నువ్వే ఎలక!" సింహాద్రి తొండం లాక్కున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ మళ్లీ వార్డుకు వచ్చారు. వాడు తొండంతోనే నిద్రపోతున్నాడు. గురక లేదు. పక్కనే కుర్చీలో తల్లి పైడితల్లి, మంచం అంచున తల వాల్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. ఆమె కొంగు చివర వాడి మొలతాడుకు ముడివేసి ఉంది.

"ఇదేమిటి సార్?" గుసగుసగా అడిగింది ఇందుమతి.

"ఊపిరాడక వాడు తన్నుకుంటే కొంగు లాగుతుంది. ఆవిడ లేచి కుదుపుతుంది. వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే. ముడి విప్పు."

ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో మెల్లగా విప్పింది. పైడితల్లి కదల్లేదు. ఆయన స్టూలు ముందుకు జరిపారు.

"ఆవిడ లేచేదాకా కూర్చో."

ఇందుమతి వాడి రొమ్ము మీద చెయ్యి వేసి కూర్చుంది.

కిటికీలో ఎండ గోడెక్కే వేళకు పైడితల్లి ఉలిక్కిపడి లేచి కొంగు తడుముకుంది. ముడి లేదు.

"అయ్యో, నా బాబు!"

"ఇక్కడే ఉన్నాడమ్మా. ఊపిరి బాగుంది."

"నానెంతసేపు తొంగున్నానమ్మా?"

"చాలాసేపు."

పైడితల్లి ఆ డాక్టరమ్మ చేతిని కళ్లకద్దుకుంది. "నీ కడుపు సల్లగుండ! ఈడు పుట్టాక ఇదే నిదర, తల్లీ."

సాయంత్రం పరాంకుశంగారు నవ్వుతూ అడిగారు.

"పొద్దున్న లాభం గురించి ఏదో అడిగావు?"

ఇందుమతి మాస్కు పట్టీని వేలితో తడిమి చూస్తోంది.

"ఇది వాడి చెవి వెనకాల ఒరుసుకుంటోంది సార్. మెత్తటి గుడ్డ చుడదామా?"